‘ఆర్‌1’ హోదా వెనుక కథ

అమెరికాలో ఎంఎస్‌కు యూనివర్సిటీలు వెతికే తెలుగు విద్యార్థుల్లో చాలామంది ‘ఆర్‌1’ హోదాను మంచి చదువుకు హామీగా తీసుకుంటారు. కార్నెగీ వర్గీకరణ అనే జాబితాలో పరిశోధన బాగా ఎక్కువగా చేసే యూనివర్సిటీలకు ఇచ్చే పేరు ఇది. 2025 నిబంధనల ప్రకారం ఆ హోదాకు కావలసినవి రెండే: పరిశోధనపై ఏడాదికి కనీసం 5 కోట్ల డాలర్ల ఖర్చు, కనీసం 70 రీసెర్చ్ డాక్టరేట్లు (పీహెచ్‌డీ లాంటివి). తరగతిలో పాఠం ఎలా చెబుతారన్నది ఈ లెక్కలోకే రాదు.

పరిశోధనకు పెద్దపీట వేయడం 1876లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీతో ఊపందుకుంది. తొలి అధ్యక్షుడు గిల్మన్ జర్మన్ పద్ధతిలో సెమినార్లు, ల్యాబులు, ఫెలోషిప్‌లు పెట్టారు. 1900లో 14 యూనివర్సిటీలు కలిసి సంఘం కట్టాయి. అమెరికా డాక్టరేట్‌కు యూరప్‌లో విలువ తేవాలన్నది వాటి తపన.

పరిస్థితిని మార్చేసింది రెండో ప్రపంచయుద్ధం. ఇంజినీరు వానెవర్ బుష్ నడిపిన ప్రభుత్వ సంస్థ యుద్ధ పరిశోధనలో పెద్ద భాగాన్ని కాంట్రాక్టుల మీద యూనివర్సిటీలకే అప్పగించింది. శాంతికాలంలోనూ ప్రభుత్వ సొమ్ము ఇలాగే రావాలని ఆయన 1945లో నివేదిక ఇచ్చారు. 1950లో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. అప్పటి నుంచి స్థిరపడ్డ పద్ధతి ఇది: ప్రొఫెసర్ ప్రతిపాదన రాస్తారు, అదే రంగంలోని నిపుణులు పరిశీలిస్తారు, నెగ్గితే గ్రాంటు వస్తుంది. దానిపైన భవనాలు, కరెంటు, ఆఫీసు ఖర్చుల కింద యూనివర్సిటీకి మరికొంత ముడుతుంది. మంచి ల్యాబు, అనుభవమున్న బృందం ఉన్నచోటే ప్రతిపాదన బలంగా ఉంటుంది కాబట్టి, ఒకసారి పైకొచ్చినవాళ్లకే మళ్లీ మళ్లీ డబ్బు దక్కుతుంది. ప్రొఫెసర్ పదోన్నతికీ పాఠాల కంటే గ్రాంట్లు, పేపర్లే ఎక్కువ పనికొస్తాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆర్‌1 హోదాకు మూలమైన వర్గీకరణను కాలిఫోర్నియా యూనివర్సిటీ మాజీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ నేతృత్వంలోని కార్నెగీ కమిషన్ 1973లో ప్రచురించింది. అది ర్యాంకుల పట్టిక కాదు. రకరకాల కాలేజీలను అధ్యయనం కోసం విడదీసుకునే సాధనం మాత్రమే. ఫెడరల్ పరిశోధన నిధుల్లో మొదటి 50 స్థానాల్లో ఉండి, 50 పీహెచ్‌డీలైనా ఇచ్చేవాటిని అందులో మొదటి వర్గంలో చేర్చారు. యాజమాన్యాలు దాన్ని ఎక్కాల్సిన మెట్టుగా చూశాయి. ఆ పోటీ తగ్గాలని 2000లో వర్గాల పేర్లలోని అంకెలు తీసేసినా, తర్వాత అవి తిరిగొచ్చాయి. టెక్సస్ అయితే తన యూనివర్సిటీలను పరిశోధనలో పైకి తేవడానికి 2009లో ప్రత్యేక నిధికే దారి వేసింది.

2025 జాబితాలో 187 ఆర్‌1 సంస్థలున్నాయి. చారిత్రకంగా నల్లజాతీయుల కోసం వెలసిన యూనివర్సిటీల్లో అందులో చోటు దక్కింది హోవర్డ్ ఒక్కదానికే. తరాలుగా నిధులు అందక ల్యాబులు కట్టుకోలేకపోయిన సంస్థలను ఖర్చుతో కొలిస్తే ఫలితం ఇలాగే వస్తుంది. ఇది అన్యాయం.

ఎంఎస్ డిగ్రీలు ఎన్ని ఇచ్చినా ఈ హోదాకు అక్కరకు రావు. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు (ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేసినందుకు డబ్బిచ్చే అవకాశాలు) సాధారణంగా ముందు పీహెచ్‌డీ వాళ్లకే వెళ్తాయి. అందుకే హోదా చూసి ఆగిపోకుండా, మీరు చేరే డిపార్ట్‌మెంట్‌లో ఎంఎస్ వాళ్లకు థీసిస్ అవకాశం ఉందా, నిరుడు ఎందరికి అసిస్టెంట్‌షిప్ ఇచ్చారు, కోర్ సబ్జెక్టులు చెప్పేది ఎవరు అని దరఖాస్తుకు ముందే గ్రాడ్యుయేట్ ఆఫీసుకు మెయిల్ రాసి అడగండి.