దెబ్బ తగిలితే ఇంకేం సూపర్‌మ్యాన్, తాతయ్యా?

చిన్నోడికీ బుజ్జికీ తాతయ్య రాసేది,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి, అమ్మమ్మ ఆవకాయ హడావుడిలో ఉంది కాబట్టి ఆవిడ దగ్గరికెళ్లే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, అందుకని నేను వసారాలో కూర్చుని మీకు రాస్తున్నా. చిన్నోడికి నేనొక సమాధానం బాకీ ఉన్నా కదా. 2025 జూలైలో నన్ను సూపర్‌మ్యాన్ సినిమాకి లాక్కెళ్లారు చూడండి, సినిమా ఇలా మొదలైందో లేదో ఆ నీలం బట్టలాయన మంచులో దబ్బున పడ్డాడు, మూతినిండా రక్తం, లేవలేకపోతున్నాడు, చివరికి కుక్కొచ్చి ఈడ్చుకెళ్లింది. అప్పుడు వీడు నా చెవిలో "దెబ్బ తగిలితే ఇంకేం సూపర్‌మ్యాన్ తాతయ్యా?" అన్నాడు. ఆ సౌండ్‌లో ఏం చెప్పినా వినపడదులే అని పాప్‌కార్న్ చేతిలో పెట్టి ఊరుకున్నా. నిజం చెప్పాలంటే ఆ రోజు నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

మొన్న తోటలో కాయలు కోయిస్తుంటే దొరికింది.

ఆవకాయకి కాయ దెబ్బ తినకూడదు, ఇది మీకు అమ్మమ్మ చెప్పే ఉంటుంది. కిందపడ్డ కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ లోపల కమిలిపోయి ఉంటుంది, అలాంటి ముక్క జాడీలో పడిందంటే మొత్తం పాడు. అందే కొమ్మలకైతే దోటికి చిక్కం కట్టి కోస్తారు. పైకొమ్మలకి అది అందదు, ఒకడు చెట్టెక్కి తెంపి వదుల్తాడు, కింద ఇద్దరు గోనెపట్టా నాలుగు మూలలూ పట్టుకుని నిలబడతారు. మా చిన్నప్పుడు నూజివీడు పక్కన మా తోటలో ఆ పట్టా పట్టే పని నాదీ మా తమ్ముడిదీ. మొదటిరోజు నేను బలం చూపిద్దామని పట్టాని మంచం నవారులా బిగ్గా లాగి పట్టుకున్నా, కాయ పడ్డం పడ్డం టప్పున ఎగిరి అవతల రాయి మీద పడింది. మా పెదనాన్న వచ్చి నెత్తిన ఒక్కటిచ్చి "వదులుగా పట్టరా, కాయతో పాటు నువ్వూ కొంచెం కిందకి దిగాలి" అన్నాడు. ఎన్ని సినిమాలు చూసినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఇందులో చిన్న లెక్క ఉంది, భయపడకండి, భాగహారమే. కాయ 20 అడుగుల పైనుంచి పడిందనుకోండి, పట్టా 2 అడుగులు కుంగి దాన్ని ఆపింది. 20ని 2తో భాగిస్తే 10. అంటే ఆగేటప్పుడు కాయ మీద సుమారు దాని బరువుకి పదింతల నొక్కుడు పడింది, అంతమాత్రం కాయ తట్టుకుంటుంది. అదే గట్టి నేల మీద పడితే నేల కుంగదు కదా, కాయే ఓ పావంగుళం నొక్కుకుపోతుంది. 20 అడుగులంటే 240 అంగుళాలు, పావంగుళంతో భాగించండి, 960. దాదాపు వెయ్యింతలు! ఎత్తు అదే, కాయ అదే, తేడా అంతా ఎంత దూరంలో ఆగిందన్నదే. మీ సైన్స్ మాస్టారు దీన్ని ఇంకా పద్ధతిగా చెప్తారు, నాకు గోనెపట్టాతో సరిపోయింది.

ఇప్పుడు సూపర్‌హీరో సంగతికొద్దాం. ఎవరో పాపం 200 అడుగుల పైనుంచి, అంటే ఇంచుమించు ఇరవై అంతస్తుల మేడ మీంచి పడిపోతుంటారు, మూడున్నర సెకన్లలో గంటకి 120 కిలోమీటర్లు దాటిపోయి వస్తుంటారు, మన హీరో నేలకి రెండడుగుల ఎత్తులో రెండు చేతులూ చాపి ఠక్కున పట్టుకుంటాడు, హాలంతా ఈలలు. ఆ చేతులేమో ఉక్కు చేతులు, మహా అయితే ఒక అడుగు కిందకి దిగాయనుకో, 200 ఇంతలు. నేల మీద పడినా ఆయన చేతుల్లో పడినా పెద్ద తేడా ఏం లేదు! కాయ కమిలింది. అసలు తెలివైనవాడైతే ఏం చెయ్యాలి? పడేవాళ్ల పక్కనే తనూ అంతే స్పీడుగా దిగి, మెల్లిగా పట్టుకుని, ఓ వందడుగులు కిందకి పోతూ పోతూ ఆపాలి. అప్పుడు రోలర్ కోస్టర్‌లో పడేపాటి నొక్కుడే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. స్పైడర్‌మ్యాన్ బొమ్మల పుస్తకాల్లో 1973లోనే, వంతెన మీంచి పడిపోతున్న గ్వెన్ అనే అమ్మాయిని ఆయన సాలెదారంతో పట్టుకుంటాడు, పట్టుకున్నానని సంబరపడతాడు కూడా, కానీ ఆ ఠక్కున ఆగడంలోనే ఆ పిల్ల మెడ విరిగిపోతుంది. మీకు చెప్పాలా వద్దా అనుకున్నా, బుజ్జి ఏడుస్తుందేమో. కానీ ఆ పుస్తకం రాసినవాళ్లని మెచ్చుకోవాలమ్మా, శక్తి ఉన్నంత మాత్రాన చాలదని ధైర్యంగా చూపించారు.

ఇంకోటి తెలుసా, 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి బొమ్మల పుస్తకంలోకి వచ్చినప్పుడు ఆయనకి ఎగరడం రాదు! గెంతడమే. ఒక్క గెంతుకి మైలులో ఎనిమిదో వంతు, అంటే 200 మీటర్లు. ఎగరడం తర్వాత్తర్వాత అలవాటైంది. ఆ మాట చదివితే నాకు మన హనుమంతుడే గుర్తొచ్చాడు, ఆయన దాటింది నూరు యోజనాలనుకోండి, పోలిక లేదు.

గెంతడం అంటే నా కథ చెప్పి తీరాలి. మా ఊళ్లో వేసంకాలం టూరింగ్ టాకీస్ దిగేది, విఠలాచార్య సినిమాలు వేసేవాళ్లు, నేల టికెట్టు కొని తెర ముందు ఇసకలో కూర్చునేవాళ్లం, తెర మీద వీరుడు గాల్లో తేలిపోతుంటే నోరు తెరుచుకుని చూసి, ఇంటికి నడిచొస్తూ దారంతా కత్తియుద్ధాలే. నాకు తొమ్మిదేళ్లు. మర్నాడు మెడకి తువ్వాలు కట్టుకుని ఆ మామిడిచెట్టే ఎక్కా, కింద మా తమ్ముడూ వాడి ఫ్రెండూ ఆ గోనెపట్టానే పట్టుకున్నారు. కాయలాపిన పట్టా నన్నాపదా అని నా ధీమా. దూకా. పట్టా మధ్యకి పర్రుమని చిరిగింది, భుజమెముక విరిగింది. నాన్న సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని పక్కూరు తీసుకెళ్లాడు, అక్కడ కట్లు కట్టే ఆయన గుడ్డుసొన రాసి వెదురుబద్దలేసి కట్టాడు, నలభై రోజులు ఆ సెలవులన్నీ మంచం మీదే, కిటికీలోంచి ఆ చెట్టుని చూస్తూ. ఇప్పటికీ ముసురు పడితే ఆ భుజం సలుపుతుంది. ఎవరైనా టవల్ మెడకి కట్టుకుని సోఫా ఎక్కినట్టు నాకు తెలిసిందో, మాటల్లేవు.

సరే, దెబ్బ సంగతి. హనుమంతుడికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసా? చిన్నప్పుడు ఆకలేసి, పొద్దున్నే ఎర్రగా పైకొస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరాడు. (అది మామిడిపండే అయ్యుంటుందని నా నమ్మకం.) ఇంద్రుడికి కోపమొచ్చి వజ్రాయుధంతో కొడితే కొండమీద పడి ఎడమ దవడ చితికింది. దవడని సంస్కృతంలో హను అంటారు. అందుకే హనుమంతుడు. చూశావురా చిన్నోడా, ఆయనకి పేరు వచ్చిందే దెబ్బ తగిలిన చోటు నుంచి. నీ ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

అందుకే నాకు 2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్ నచ్చింది. తేజ సజ్జా కుర్రాడు అందులో ముందు దొంగతనాలు చేసుకునే ఆకతాయి, సముద్రంలో దొరికిన మణి వల్ల బలం వస్తుంది, అదీ ఎండ పడితేనే, పొద్దుగూకితే మామూలు మనిషే. ఆ ఒక్క షరతు సినిమాని నిలబెట్టింది. సాయంత్రమవుతుంటే మనకి గుండె దడ. విచిత్రమేంటంటే ఆ సూపర్‌మ్యాన్ కూడా మన సూర్యుడి ఎండ వల్లే బలవంతుడు, ఆ మంచుకోటలో మరబొమ్మలు ఆయన్ని పడుకోబెట్టి ఎండ తగిలించే కదా బాగుచేశాయి. అమెరికావాళ్లూ మనవాళ్లూ ఒకళ్లకొకళ్లు చెప్పుకోకుండా అందరూ సూర్యుడి దగ్గరికే పోతారేంటో, నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోవడమే బాగుంది.

సూపర్‌మ్యాన్‌లో నాకు బాగా నచ్చింది మీరిద్దరూ పగలబడి నవ్విన చోటే. అంత పెద్ద జంతువు ఊరు తొక్కేస్తుంటే ఆయన మధ్యలో ఉడతని తీసి పక్కన పెడతాడు చూడండి, అదీ వదులుగా పట్టడమంటే. పల్లెటూళ్లో ఉండే ఆ పెంచిన అమ్మా నాన్నా, మాట వినని ఆ కుక్కా, అవన్నీ పట్టా అంచులే, అవి ఉన్నాయి కాబట్టే ఆకాశంలోంచి పడ్డ కథ మన చేతుల్లో చితక్కుండా ఆగింది. ఆ విలన్ లూథర్ చేసిన జేబులోకం (పాకెట్ యూనివర్స్ అంటారే, అది), నల్లగుంత (బ్లాక్ హోల్), అక్కడ మాత్రం నాకు నిద్రొచ్చింది, అరగంట తగ్గించినా పోయేదేం లేదు.

కల్కి 2898 ఏడీ గురించి బుజ్జి ఇంకా అలిగే ఉందా? కారుకి నా పేరెందుకు పెట్టారని. కారైతే ఏమే, కీర్తి సురేశ్ గొంతుతో హీరోనే తిడుతుంది, నువ్వు కూడా అంతే కదా. ఆ 2898 ఎక్కడిదంటే, మనవాళ్ల లెక్కలో కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది, రెండూ కూడండి, సరిగ్గా ఆరువేలు. ఆ సినిమాలో మొదటి గంట నాకు సాగదీసినట్టనిపించింది, ప్రభాస్ వేళాకోళాలు అన్నిసార్లు అక్కర్లేదు. కానీ నీళ్లు లేని కాశీని చూసి గుటక పడలేదు, మన గోదారి అలా అయితేనో అనిపించింది. ఇంక అశ్వత్థామ. నుదుటి మీద మణి తీసేసిన చోట మానని పుండు, వేల ఏళ్లుగా చావు రాక బతుకుతున్నాడు. అది వేసిన అమితాబ్ బచ్చన్‌కి సినిమా వచ్చేనాటికి 81 ఏళ్లు! నాకంటే పెద్దాయన. ఆయన లేచి నిలబడితే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. చావులేని వాడికి కూడా పుండు పెట్టారు చూశారా, మహాభారతం రాసినాయనకి మా పెదనాన్నకి తెలిసినదంతా తెలుసు.

ఫెంటాస్టిక్ ఫోర్ మాత్రం మీరనుకున్నంత గొప్పగా లేదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఆ 1960ల నాటి గుండ్రటి టీవీలూ ఆ బట్టలూ నాకు సరదా. రబ్బరు మనిషిని ఆ మహాకాయుడైన విలన్ పట్టుకుని నొప్పెట్టేలా సాగదీసినప్పుడు, ఓహో, రబ్బరుకీ హద్దుందన్నమాట అనుకున్నా. పిల్లాణ్ణి ఇవ్వనని తల్లి నిలబడ్డ చోటు బావుంది. కొత్త లోక సినిమా మీకు అమ్మ చూపించలేదు, మంచిపనే చేసింది, రాత్రుళ్లు భయపడతారు, నేనొక్కణ్ణే చూశా. కేరళ అమ్మమ్మలు పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే యక్షి కథని తీసుకొచ్చి ఇప్పటి బెంగుళూరులో ఒక అద్దింట్లో దింపారు, ఇంత తేలిగ్గా ఎలా చేశారా అని కుళ్లుకున్నా, మనకి మాత్రం కాశీమజిలీ కథల్లేవూ?

నాకు ఒళ్లుమండేది ఒక్కటే, క్లైమాక్సులో ఊళ్లకి ఊళ్లు కూలిపోతాయి, మేడలు పేకముక్కల్లా పడిపోతాయి, హీరో చొక్కా గుండీ ఒక్కటి ఊడదు, ఆ మేడల్లో ఎవరుండేవాళ్లో ఎవడూ అడగడు. అలాంటప్పుడు నేను వాచీ చూసుకుంటా. కమలని కాయలు, కానీ రుచీ లేదు, ప్లాస్టిక్‌వి.

అమ్మమ్మ ఇప్పుడే వచ్చి భుజం మీంచి చదివి, ఇంకెంతసేపండీ ఆ గోనెసంచి, ఆవపిండి జల్లించాలి లేవండి అంటోంది. కాబట్టి మీకో పని చెప్పి ఆపేస్తా. చదివింది నమ్మక్కర్లేదు, చూసి తెలుసుకోండి. రెండు కోడిగుడ్లు తీసుకోండి. మేడ మీద ఒకళ్లు ఇటు, ఒకళ్లు అటు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒకళ్లు మెల్లిగా విసరాలి, రెండోవాళ్లు పట్టుకోవాలి. పట్టుకునేటప్పుడు చేతులు కొయ్యలా పెట్టకుండా గుడ్డుతో పాటే వెనక్కి లాక్కోండి, క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాళ్లు పొట్టకేసి లాక్కుంటారే, అలా. కుదిరితే ఒక్కో అడుగు దూరం జరగండి. రెండో గుడ్డుకి చేతులు కదపకుండా గట్టిగా పెట్టి చూడండి, పాతచొక్కా వేసుకుని. ఎన్ని అడుగుల దాకా పగల్లేదో నాకు రాయండి. గుడ్ల సంగతి మీ అమ్మకి నేను ఫోన్ చేసి చెప్తాలే.

మీ తాతయ్య