కీ వాచీకి అయస్కాంతం పడితే: వందేళ్లు దాటిన చిక్కు

బీరువాలో ఏళ్లతరబడి పడున్న తాతగారి హెచ్ఎంటీ జనతా వాచీకి కీ ఇస్తే ఠక్కున నడుస్తుంది. తీరా మర్నాటికి పది నిమిషాలు ముందుంటుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఇచ్చినా, విజయనగరం గంటస్తంభం దగ్గర ఇచ్చినా, తొందరలో ఉన్న మెకానిక్ వేగాన్ని సరిచేసే మీటను, అంటే రెగ్యులేటర్‌ని స్లో వైపు జరిపి చేతిలో పెడతాడు. అది జబ్బును కప్పిపెట్టడమే. ముందు చూడాల్సింది అయస్కాంతం, అంటే లోపలి ఉక్కు భాగాలు అయస్కాంతంలా మారాయేమోనని.

అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే హెయిర్ స్ప్రింగ్ దోమల బత్తి చుట్టలా ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే పక్కపక్క చుట్లు అంటుకుంటాయి. స్ప్రింగ్ పనిచేసే పొడవు తగ్గి చక్రం త్వరత్వరగా ఊగుతుంది. గంటకు 18,000 టిక్కులు కొట్టాల్సిన జనతా అంతకు మించి కొడుతుంది. మరీ ఎక్కువగా పడితే వాచీ ఆగిపోనూవచ్చు.

19వ శతాబ్దం చివర డైనమోలు, కరెంటు మోటార్లు వచ్చాక ఈ తంటా మొదలైంది. అప్పటి స్ప్రింగులు మామూలు ఉక్కువి. స్విట్జర్లాండ్‌లో పయ్యార్ పల్లాడియం మిశ్రమంతో స్ప్రింగులు చేశాడు. 1896లో ఇన్వార్ అనే నికెల్ ఉక్కును కనిపెట్టిన శాస్త్రవేత్త గియోమ్ ఆ తర్వాత స్ప్రింగులకు పనికొచ్చే ఎలిన్వార్ మిశ్రమం తెచ్చాడు. నికెల్ ఉక్కు మీద చేసిన పనికి 1920లో నోబెల్ అందుకున్నాడు. ఆయన గురి ప్రధానంగా ఎండకూ చలికీ వచ్చే తేడా మీద. అందుకే ఆ జాతి స్ప్రింగులకు అయస్కాంతం తక్కువగా పడుతుందే తప్ప, అసలు పట్టకపోదు. 1930లో టిస్సో అయస్కాంతాన్ని తట్టుకునే చేతి వాచీ తెచ్చింది. 1956 నాటి రోలెక్స్ మిల్‌గాస్ యంత్రం చుట్టూ మెత్తని ఇనుప తొడుగు పెట్టి 1,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకుంది.

మన దగ్గర 1961లో సిటిజన్ సాయంతో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వచ్చి కీ వాచీలను బీరువాల్లోకి నెట్టింది. అవి అక్కడ నిద్రపోతుండగానే 1980లలో చిన్నవైనా చాలా బలమైన నియోడిమియం అయస్కాంతాలు పుట్టాయి. ఫోన్ కవరు, ఇయర్‌బడ్స్ డబ్బా, హ్యాండ్‌బ్యాగ్ మూత, స్పీకరు, చాలావాటిలో ఇవాళ అవే. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 764 వాచీని తట్టుకోమనే అయస్కాంత క్షేత్రం మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే సుమారు 60 గాస్. ఫోన్ కవరు అయస్కాంతానికి ఆనించి పెడితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. నాలుగు వేళ్ల దూరం ఉంచితే చాలామటుకు భయం లేదు.

పరీక్షకు చిన్న దిక్సూచి చాలు. ఇనుప మంచం మీద కాదు, చెక్క బల్ల మీద పెట్టండి. వాచీ అంచులు ఒక్కొక్కటిగా దగ్గరకు తెండి. ముల్లు ఒకే కొనను ఒక అంచు లాగి, మరో అంచు తోస్తే అయస్కాంతం పట్టినట్టే. అన్ని అంచులూ ఊరికే లాగుతుంటే అది లోపలి ఉక్కు వల్ల కావచ్చు.

పట్టిన అయస్కాంతాన్ని తీయడానికి ఆన్‌లైన్లో దొరికే నీలం డబ్బా డీమాగ్నెటైజర్ సరిపోతుంది. వాచీని పైన పెట్టి బటన్ నొక్కండి. రెండు మూడు సెకన్లు ఆగి, బటన్ వదలకుండానే వాచీని నిదానంగా అర మీటరు పైకి ఎత్తండి. అప్పుడు బటన్ వదలండి. 50 హెర్ట్జ్ కరెంటుకు క్షేత్రం సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ ఊపు సన్నబడి సున్నాకు దిగుతుంది. వాచీ పైనుండగానే బటన్ వదిలేస్తే ఆ క్షణపు అయస్కాంతం లోపలే మిగిలిపోతుంది. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. మధ్యలో కరెంటు పోయినా అంతే, మళ్లీ మొదటి నుంచి చేయాలి. తర్వాత వాచీని పక్కకు నిలబెట్టి ఇంకోసారి చేయండి. పది సెకన్లకు మించి ఏకబిగిన నొక్కితే కాయిల్ వేడెక్కుతుంది. క్వార్ట్జ్ వాచీల జోలికి మాత్రం పోకండి.

దిక్సూచి కదలకపోయినా వాచీ ఇంకా ముందుకే పోతుంటే, స్ప్రింగ్ చుట్లకు నూనె అంటి ఉండొచ్చు, లేదా దెబ్బకు చుట్టు వంగి ఉండొచ్చు. కళింగపట్నం, భీమిలి వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టడమూ మామూలే. వీటికి మూత విప్పక తప్పదు. అయస్కాంతం పోయాక వాచీ ఒక్కసారిగా వెనకబడితే గాభరా వద్దు. మునుపెవరో జరిపిన రెగ్యులేటర్‌ని మళ్లీ మధ్యకు తెప్పించండి.