ప్రెసిడెంటు కూడా పీకెయ్యలేని ఉద్యోగం

పిల్లలూ,

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో డాలస్ మనవడు నన్నొకటి అడిగాడు. "తాతయ్యా, డాడీని ఆఫీసులో ఒక్క మెయిల్ పెట్టి తీసేశారు కదా, మరి ట్రంప్ ప్రెసిడెంటు అయ్యుండి, ఆ బ్యాంకాయన్ని అన్నాళ్లు తిట్టాడే గానీ ఎందుకు తీసెయ్యలేదు?" వాళ్ల నాన్నకి తర్వాత వేరేచోట పని దొరికిందిలెండి, కానీ ఆ మెయిల్ పిల్లాడి మనసులో ఉండిపోయినట్టుంది. ఫోన్లో చెబితే సగం మాటలు హలో హలోలకే పోతాయి కాబట్టి వాడితో పాటు మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ బ్యాంకాయన పేరు జెరోమ్ పావెల్. ఫెడరల్ రిజర్వ్ అని, మన రిజర్వ్ బ్యాంకు లాంటిది అక్కడ ఒకటుంది. మీరూ నేనూ వెళ్లి ఖాతా తెరిచే బ్యాంకు కాదు, బ్యాంకులకే బ్యాంకు. దేశంలో అప్పు చౌకగా పుట్టాలా, ప్రియంగా పుట్టాలా అన్నది అక్కడ తేలుతుంది. తమాషా ఏంటంటే పావెల్‌ని 2018లో దాని ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టింది ట్రంపే, ఏడాది తిరక్కుండానే వడ్డీలు పెంచుతున్నాడని ఆయన మీద కోపం తెచ్చుకున్నదీ ట్రంపే. 2024 నవంబరులో విలేకరులు పావెల్‌ని, మిమ్మల్ని తీసేసే అధికారం ప్రెసిడెంటుకి ఉందా అని అడిగితే, చట్టం ఒప్పుకోదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు.

చట్టం ఎందుకు ఒప్పుకోదో తెలియాలంటే మా ఊరి చెరువు దగ్గరికి రావాలి. మాది వరంగల్ వైపు. చెరువుకి తూము, తూముకి ఒక మనిషి, ఆయన్ని నీరటి అనేవాళ్లం. వానాకాలం చెరువు నిండి మత్తడి దూకితే మేం బడి ఎగ్గొట్టి అక్కడే ఉండేవాళ్లం, తువ్వాలు చెరో కొస పట్టుకుని చేపలు పట్టేవాళ్లం, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఇంట్లో చెప్పలేక రాత్రంతా చెయ్యి పట్టుకుని మూలిగేవాళ్లం. మత్తడి మీద ఎంత గంతులేసినా నీరటి తాత ఏమీ అనేవాడు కాదు గానీ తూము వైపు ఒక్క అడుగు వేస్తే కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఏ రోజు ఎంత నీళ్లు వదలాలో ఆయన చూసుకోవాలి. తూముకి దగ్గర పొలాల వాళ్లకి నీళ్లు ఎప్పుడూ ఇవాళే కావాలి. ఆయకట్టు చివర రైతుకి మార్చిలో వరి పొట్టకొచ్చినప్పుడు కావాలి, ఆ నీళ్లు ఉంటాయా ఉండవా అన్నది మాత్రం జనవరిలోనే తేలిపోతుంది. జనవరిలో ఆ రైతు వచ్చి అడగడు కదా. పంచాయతీ ఎన్నికల ముందు ఊరి పెద్ద ఒకాయన, తూము మొత్తం ఎత్తు, జనం సంతోషిస్తారు అన్నాడట. "ఊరు పెట్టిన పని దొరా, నేను నీళ్లు దొంగిలిస్తే ఊరంతా కూడి తీసెయ్యండి" అని తాత కదల్లేదట.

డబ్బు కూడా ఇలాగే. వడ్డీ తగ్గించడమంటే తూము ఎత్తడం. ఎత్తగానే ఇళ్లు లేస్తాయి, ఉద్యోగాలొస్తాయి, ఎన్నికలు దగ్గరుంటే ఓట్లూ వస్తాయి. అతిగా ఎత్తితే ధరలు పెరుగుతాయి, ఆ దెబ్బ తగిలేది ఆయకట్టు చివర ఉన్నవాళ్లకి, అంటే పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకి, రోజుకూలీకి. నోట్లు కావాలంటే అచ్చేసుకోవచ్చు కదా, చెరువు ఎండేదేముంది అని మీలో గడుసువాళ్లు అడుగుతారు. ఎండిపోయేది డబ్బు కాదురా, దాని మీద నమ్మకం.

అందుకని అమెరికా వాళ్లు 1913లో ఈ బ్యాంకు పెట్టినప్పుడూ, 1935లో చట్టం దిద్దినప్పుడూ ఒక మాట రాసుకున్నారు. తగిన కారణం ఉంటేనే ప్రెసిడెంటు బోర్డువాళ్లని తీసెయ్యాలి. 1935 నుంచి బోర్డులో 7గురు గవర్నర్లు, ఒక్కొక్కరి పదవికి 14 ఏళ్లు. వాళ్లలోంచే ఒకరు 4 ఏళ్లు ఛైర్మన్. ఆ కారణం ఏంటో చట్టం విడమరిచి చెప్పలేదు. మోసం చేస్తేనో, పని ఎగ్గొడితేనో కారణం అవుతుంది, వడ్డీ నీకు నచ్చినంత తగ్గించలేదన్నది కారణం కాదు అనే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చారు. దీని వెనక ఒక చనిపోయినాయన కథ కూడా ఉంది. వ్యాపారాల మీద నిఘా పెట్టే వేరే కమిషన్‌లో హంఫ్రీ అని ఒకాయన ఉండేవాడు. నీ ఆలోచనలూ నా ఆలోచనలూ కలవడం లేదని 1933లో అప్పటి ప్రెసిడెంటు రూజ్వెల్ట్ ఆయన్ని తీసేశాడు. కొద్ది నెలలకే ఆయన పోయాడు. ఆయన ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్లు రావలసిన జీతం కోసం కోర్టుకెక్కితే, 1935లో 9మంది జడ్జీలూ ఒక్క మాట మీద రూజ్వెల్ట్‌ది తప్పన్నారు. ఆ తీర్పునే 2025 డిసెంబరులో సుప్రీంకోర్టులో మళ్లీ సవాలు చేశారు. ఫెడరల్ రిజర్వ్ సంగతి వేరు అని అదే కోర్టు ఆ ఏడాది మేలోనే ఒక ఉత్తర్వులో రాసింది.

2025 ఆగస్టులో ట్రంప్ పావెల్‌ని వదిలి, అదే బోర్డులో ఉన్న లీసా కుక్‌ని తీసేస్తున్నానని ప్రకటించాడు. అంతకుముందు ఏ ప్రెసిడెంటూ ఈ బోర్డులో ఒక్కర్ని కూడా అలా తీసెయ్యలేదు. ఇంటి అప్పు కాగితాల్లో ఆవిడ అబద్ధం రాశారని ఆరోపణ, ఆవిడేమో కాదన్నారు, కోర్టుకెళ్లారు. కింది కోర్టు తీసివేత ఆపింది, సుప్రీంకోర్టు ఆవిడ్ని పనిలో కొనసాగనిచ్చి 2026 జనవరిలో వాదనలు విన్నది. ఒకటి గమనించండి, నచ్చలేదు పొమ్మంటే చెల్లదు కాబట్టే అంత పెద్దాయన కూడా ఒక కారణం వెతుక్కోవలసి వచ్చింది.

ఇలాంటి అడ్డు గట్టిగా లేనిచోట ఏమవుతుందో టర్కీలో చూశాం. ధరలు ఆపడానికి వడ్డీని 19 శాతానికి పెంచాడని అక్కడి బ్యాంకు గవర్నర్ నాజీ ఆబాల్‌ని 2021 మార్చిలో అక్కడి ప్రెసిడెంటు ఎర్దొగాన్ రాత్రికి రాత్రి తీసేశాడు. రెండేళ్లు నిండకుండా ముగ్గురు గవర్నర్లు మారారు. 2022 అక్టోబరుకి ఏడాదిలో ధరల పెరుగుదల 85 శాతం దాటింది. అంటే పోయినేడు వందకి వచ్చిన సరుకు ఈ ఏడు 185.

మన దగ్గరా అంత గట్టి మాట లేదు పిల్లలూ. 1934 నాటి రిజర్వ్ బ్యాంకు చట్టం ప్రకారం కేంద్రం గవర్నర్ని తీసెయ్యొచ్చు, కారణం చెప్పాలని అందులో లేదు. 1957లో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారితో పడక అప్పటి గవర్నర్ బెనెగల్ రామారావు గారు తనంతట తానే రాజీనామా చేశారు. మన బండి చాలావరకు మర్యాద మీదే నడిచింది. కుర్చీలో కూర్చోబెట్టినవాడితో కాదనడం ఎంత కష్టమో, ఎవరి దగ్గరైనా జీతం తీసుకున్న పెద్దవాళ్లని అడిగి చూడండి.

డాడీ సంగతికొస్తే, అమెరికాలో ప్రైవేటు ఉద్యోగం చాలామందికి కారణం చెప్పకుండానే పోవచ్చు, అక్కడి పద్ధతి అది. ఆ నష్టం మీ ఇంటిది, చిన్నదని నేననను. పావెల్ లాంటి వాళ్లకి రక్షణ ఇచ్చింది వాళ్లు సుఖంగా ఉండాలని కాదు, కాదనాల్సిన చోట కాదంటారని.

ఇప్పుడొక పని చెయ్యండి. నానమ్మ పోపులడబ్బాలో పాత పది, ఇరవై, వంద నోట్లుంటాయి, అడిగి తీసుకుని సంతకాలు చూడండి. కడప జిల్లా వై.వి.రెడ్డి గారిది దొరకొచ్చు, 2003 నుంచి 2008 దాకా ఆయనే గవర్నర్. తర్వాత అయిదేళ్లు ఏలూరులో పుట్టిన డి.సుబ్బారావు గారు. ఒక రూపాయి నోటు మీద మాత్రం గవర్నర్ సంతకం ఉండదు, అది కేంద్ర ప్రభుత్వం నోటు. డాలస్ వాడా, నువ్వు డాలరు నోటు తియ్యి. దాని మీద పావెల్ సంతకం ఉండదు. ఎవరెవరి సంతకాలున్నాయో నాకు రాసి పంపు, ఈసారి మెయిల్లో కాదు, కాగితం మీద.

మీ తాతయ్య