బాండ్లు, వడ్డీ రేట్లు, ఆదాయ అసమానత: అపోహలు – వాస్తవాలు

బాండ్ల క్రయవిక్రయాలే నా వృత్తి. బాండంటే ప్రభుత్వమో కంపెనీయో అప్పు తీసుకుంటూ ఇచ్చే కాగితం: ఏటా నిర్ణీత వడ్డీ, గడువు తీరాక అసలు. కొన్న ధర మీద వచ్చే రాబడి శాతమే దిగుబడి, ధర పడితే అది పెరుగుతుంది. రోజంతా ధరలూ దిగుబడులూ చూసేవాళ్లకు ఒక సంగతి త్వరగానే బోధపడుతుంది. వడ్డీ రేటు కదిలిన ప్రతిసారీ డబ్బు ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి మారుతుంది. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి అన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతున్నారు. బాండు ఎవరి చేతిలో ఉంది, ఇంకా ఎన్నేళ్ల గడువుంది, ఆ మనిషి అమ్మేవాడా కొనేవాడా అన్నవి చూడనిదే ఈ లెక్క తేలదు.

అపోహ: బాండ్ల మార్కెట్ డబ్బున్నవాళ్ల వ్యవహారం. జీతం మీద బతికేవాళ్లకు దాంతో పనిలేదు.

వాస్తవం: నెలజీతగాళ్లలో చాలామంది తమకు తెలియకుండానే బాండ్లలో ఉన్నారు. పింఛను నిధులు, జీవిత బీమా సంస్థలు దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లను పెద్దఎత్తున కొంటాయి. ముప్పై ఏళ్ల తర్వాత డబ్బు చెల్లించాల్సిన సంస్థకు, అప్పటికి అసలు చేతికొచ్చే కాగితమే కావాలి మరి.

బ్రిటన్‌లో 2022 సెప్టెంబరు 23న, డబ్బెక్కడి నుంచి వస్తుందో చెప్పకుండానే ప్రభుత్వం భారీ పన్ను కోతలు ప్రకటించింది. దీర్ఘకాలిక బాండ్ల ధరలు కుప్పకూలాయి. అక్కడి పింఛను నిధులు చాలా వరకు అప్పు దన్నుతో బాండ్లలో ఉన్నాయి. ధర పడేసరికి అదనపు హామీ సొమ్ము వెంటనే కట్టాలన్న పిలుపులు వచ్చాయి. ఆ సొమ్ము కోసం బాండ్లే అమ్మారు. అమ్మకాలతో ధర ఇంకా పడింది, మళ్లీ పిలుపులు, మళ్లీ అమ్మకాలు. 28న అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్వయంగా బాండ్లు కొనడానికి దిగితేగానీ మార్కెట్ నిలదొక్కుకోలేదు. ఈలోగా బ్యాంకులు ఇంటి రుణ పథకాలను వందల కొద్దీ వెనక్కి తీసుకున్నాయి. అక్టోబరుకల్లా ఇంటి రుణాల మీద రెండేళ్ల స్థిర వడ్డీ సగటున 6 శాతం దాటింది. బాండు మొహం చూడని కుటుంబాలకు కూడా నెలవాయిదా రూపంలో ఆ దెబ్బ తగిలింది.

అపోహ: వడ్డీ పెరిగితే డబ్బున్నవాళ్లకు లాభం, తగ్గితే నష్టం.

వాస్తవం: దీన్ని కాస్త ఓపిగ్గా లెక్కేసి చూడాలి. ముఖ విలువ (గడువు తీరాక తిరిగొచ్చే అసలు) 100, ఏటా వడ్డీ 5, గడువు 30 ఏళ్లు ఉన్న బాండు ఒకటి తీసుకోండి. మార్కెట్ రేటు 5 శాతం ఉంటే దాని ధర సరిగ్గా 100. కొత్త బాండ్లు అంతకన్నా తక్కువ వడ్డీ ఇస్తుంటే ఈ పాత బాండుకు గిరాకీ పెరుగుతుంది, ఎక్కువ ఇస్తుంటే తగ్గుతుంది. రేటు 4 శాతానికి దిగితే ధర 117 దాటుతుంది, 6 శాతానికి ఎక్కితే దాదాపు 86కు పడిపోతుంది. అదే ఏడాది గడువే మిగిలిన బాండయితే అటూఇటూ ఒక్క యూనిట్ కదలడమే గొప్ప. షేర్లకూ స్థిరాస్తులకూ పనిచేసేది ఇదే సూత్రం. ఎంతో కాలం పాటు రాబడి తెచ్చే ఆస్తి ఉన్నవాళ్ల సంపద రేట్లు తగ్గితే పెరుగుతుంది. అలాంటి ఆస్తులు ఎక్కువగా ఉండేది పైమెట్టులో ఉన్నవాళ్ల దగ్గరే కాబట్టి, కాగితం మీద సంపద అసమానత కూడా పెరుగుతుంది.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, బాండును అమ్మకుండా అట్టే పెట్టుకున్న మనిషికి ధర 117 అయినా ఏడాదికి వచ్చేది ఆ 5 మాత్రమే. నిజంగా లాభపడేది అమ్మి బయటపడేవాళ్లు. నష్టపోయేది కొనబోయేవాళ్లు. ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరి పదవీ విరమణకు కూడబెట్టుకునే యువత, అదే 5 రాబడి కోసం 100కు బదులు 117 పెట్టాలి. ఇది ఒక తరం నుంచి ఇంకో తరానికి జరిగే బదిలీ. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇక చిన్న మొత్తాలను తక్కువ గడువు డిపాజిట్లలో ఉంచుకున్న వృద్ధులకు రెండువైపులా నష్టమే. వాళ్లకు ధర పెరిగిన లాభం రాదు, డిపాజిట్ పునరుద్ధరించిన ప్రతిసారీ వడ్డీ తగ్గుతుంది.

రెండో పక్కా చెప్పాలి. మాంద్యంలో కేంద్ర బ్యాంకు రేట్లు తగ్గించకపోతే ముందుగా ఉద్యోగాలు పోయేది తక్కువ జీతాలవాళ్లకే. నిలబడిన ఆ జీతాలను లెక్కలో కలపకుండా తక్కువ వడ్డీని తిట్టడం న్యాయం కాదు.

అపోహ: వడ్డీ రేట్ల వల్ల అసమానత పెరగొచ్చేమోగానీ, అసమానత వల్ల వడ్డీ రేట్లు మారవు.

వాస్తవం: మారతాయి. ఆదాయం పెరిగేకొద్దీ అందులో ఖర్చయ్యే వంతు తగ్గి, మిగిలే వంతు పెరుగుతుంది. జాతీయాదాయంలో పైవాళ్ల వాటా పెరిగితే పొదుపు పోగుపడుతుంది. ఆ పొదుపు ఊరికే కూర్చోదు, ఎవరికో అప్పుగా వెళ్లాలి. కొంత ప్రభుత్వ బాండ్లలోకి పోతుంది, కొంత బ్యాంకుల మీదుగా మధ్యతరగతి ఇంటి రుణాలుగా మారుతుంది. అతీఫ్ మియాన్, లుడ్విగ్ స్ట్రాబ్, అమీర్ సూఫీ అనే ఆర్థికవేత్తలు అమెరికా లెక్కలతో చూపించింది ఇదే. పైన ఉన్న ఒక శాతం మంది పొదుపు చివరికి కిందివాళ్ల అప్పుగానూ ప్రభుత్వ అప్పుగానూ తేలుతోంది. అప్పిచ్చేవాళ్లు ఎక్కువై, తీసుకోగలవాళ్లు అప్పటికే అప్పుల్లో మునిగి ఉంటే వడ్డీ కిందికే జారుతుంది. అమెరికా పదేళ్ల బాండు దిగుబడి 1981లో 15 శాతం దాటింది, 2020లో 0.5 శాతం దాకా పడింది. ద్రవ్యోల్బణం అదుపులోకి రావడం, జనాభా వయసు పెరగడం, విదేశాల పొదుపు వచ్చి చేరడం కూడా అందుకు కారణాలే. వాటి పక్కన ఈ కారణాన్ని కూడా పెట్టాలన్నది నా అభిప్రాయం.

అపోహ: ప్రభుత్వ అప్పంటే పేదల పన్నును ధనికుల వడ్డీగా మార్చడమే.

వాస్తవం: పన్ను ఎవరు కడుతున్నారు, బాండు ఎవరి దగ్గరుంది, తెచ్చిన అప్పు దేనికి ఖర్చయింది అన్న మూడిటిమీద అది ఆధారపడుతుంది. అపోహకు బలమిచ్చే ఉదాహరణ 1790 నాటి అమెరికాలో ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులకు జీతం బదులు ఇచ్చిన రుణపత్రాలను, అవసరాల్లో ఉన్న ఆ సైనికుల దగ్గర నుంచి వ్యాపారులు కారుచౌకగా కొనేశారు. అసలు హక్కుదారులకూ వాటా ఇవ్వాలని చట్టసభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ వాదించాడు. ఇప్పుడు పత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే చెల్లించాలన్న ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ మాటే నెగ్గింది. ఆ నిర్ణయంతో ప్రభుత్వ పరపతి నిలబడింది, సైనికులకు మాత్రం అన్యాయం జరిగింది. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ నేటి జపాన్. అక్కడి ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం కేంద్ర బ్యాంకు దగ్గరే ఉన్నాయి. దాని లాభాల్లో అధిక భాగం తిరిగి ఖజానాకే చేరుతుంది.

అపోహ: ద్రవ్యోల్బణం వస్తే దెబ్బ తినేది బాండ్లున్న ధనికులే.

వాస్తవం: 1923 నాటి జర్మనీని చూడండి. నవంబరుకల్లా ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సి వచ్చింది. యుద్ధ బాండ్లలో, పొదుపు ఖాతాల్లో జీవితకాలపు కష్టార్జితం దాచుకున్న మధ్యతరగతి, పింఛనుదారులు సర్వం పోగొట్టుకున్నారు. అప్పులు తెచ్చి కర్మాగారాలు కొన్న పారిశ్రామికవేత్తల బాకీలు మాత్రం చిల్లర పైసలతో తీరిపోయాయి. ద్రవ్యోల్బణం ఆదుకునేది స్థిర వడ్డీకి అప్పు చేసినవాళ్లను, అదీ వాళ్ల జీతాలు ధరలతో పాటు పెరిగితేనే. ధరలతో పాటు చెల్లింపు కూడా పెరిగే బాండ్లు బ్రిటన్‌లో 1981 నుంచి, అమెరికాలో 1997 నుంచి ఉన్నాయి. చిన్న పొదుపుదారులకు వాటి గురించి ఇంకా విడమరిచి చెప్పాలి.

అపోహ: ప్రభుత్వ బాండులో నష్టమే ఉండదు.

వాస్తవం: గడువు దాకా ఆగగలిగితే, ఆ ప్రభుత్వం నిలబడితే సరే. అర్జెంటీనా 2017లో వందేళ్ల బాండు అమ్మి, 2020లోనే అప్పు చెల్లించలేక షరతులు మార్చుకుంది. ఆస్ట్రియా ఏ వాయిదా ఎగ్గొట్టలేదు, అయినా 2020లో 0.85 శాతం వడ్డీకి అమ్మిన వందేళ్ల బాండు రేట్లు పెరిగాక ముఖ విలువలో సగం కంటే కిందికి పడింది.

అపోహ: గినీ సూచిక చూస్తే దేశంలో అసమానత ఎంతో తెలిసిపోతుంది.

వాస్తవం: గినీ సూచిక అంటే అసమానతను 0 (అందరూ సమానం) నుంచి 1 (అంతా ఒక్కరిదే) దాకా కొలిచే అంకె. ముందుగా అది ఆదాయానిదా, సంపదదా అని అడగండి. స్వీడన్‌లో ఆదాయ అసమానత తక్కువ, సంపద అసమానత మాత్రం బాగా ఎక్కువ. సర్వేల ఆదాయ గినీలో బాండు మీద వచ్చిన వడ్డీ కలుస్తుంది, అమ్మని బాండుకు పెరిగిన ధర కలవదు. అందుకే రేట్లు బాగా తగ్గిన ఏడాది సంపద ఎంత ఎగబాకినా ఆదాయ గినీ దాదాపు కదలకుండా ఉండొచ్చు. వడ్డీ వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న ప్రశ్నకు ఆ ఒక్క అంకె జవాబు చెప్పలేదు. దాని పక్కన బాండ్లు ఎవరి దగ్గరున్నాయో చెప్పే పట్టిక కూడా ఉండాలి.