చీకటి పెడితే భయం రాదు: చిన్న బడ్జెట్ హారర్ మీద అపోహలు – వాస్తవాలు

అపోహ: హారర్‌కి లైట్లెందుకు? కావాల్సింది చీకటే కదా!

కోనసీమలో కొబ్బరితోట, పాత పెంకుటిల్లు ఉన్నాయి కాబట్టి సగం సినిమా అయిపోయిందనుకునేవాళ్లు మొదట మునిగేది ఇక్కడే. లైటు లేక ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే సెట్టింగు) పెంచుకుంటూ పోతే నల్లగా ఉండాల్సిన చోటంతా చీమలు పాకినట్టు నాయిస్, అంటే చుక్కలు. డీఐలో, అంటే ఎడిటింగ్ తర్వాత రంగులు సరిదిద్దే దశలో, దాన్ని తుడిస్తే మొహాలు మైనంముద్దలు. ఓటీటీకి ఫైలు కుదించాక నలుపు గళ్లుగళ్లుగా విడిపోతుంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఫోన్లో చూసేవాడికి ఆ తెర మీద కనపడేది తన మొహమే. తక్కువ ఖర్చు సినిమాని జనం ఎగబడి చూసేది అందులో తమ పెరడు, తమ నుయ్యి ఉన్నాయని. నుయ్యి గట్టు కనపడాలి, దాని వెనకేముందో తెలియకూడదు. గట్టే కనపడకపోతే ఇంక దేనికి భయపడాలి?

వాస్తవం: రాత్రి సీనుకే లైటు పని ఎక్కువ. నటుడికి వెనక 30-40 అడుగుల్లో, 20 అడుగుల ఎత్తున ఒక పెద్ద లైటు పెట్టి కెమెరా వైపు కొట్టండి. కొబ్బరి మానులు అంచు గీసినట్టు విడివిడిగా నిలబడతాయి. 5600 కెల్విన్ (పగటి వెలుగు రంగు) లైటుకి కెమెరా వైట్ బ్యాలెన్స్‌లో 4300 పెడితే లేత నీలి వెన్నెల. 3200 పెడితే టీవీ సీరియల్‌లోలా ముదురు నీలి వెన్నెల. మొహానికి థర్మాకోల్ షీటు మీద కొట్టి తిప్పిన వెలుగు (బౌన్సు) చాలు, అదీ రెండు స్టాపులు తక్కువగా, అంటే నాలుగో వంతే. నేల తడపండి, తడిమట్టి ఇంకో లైటుతో సమానం. ఫ్రేములో ట్యూబులైటుంటే షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60లో మినుకుతుంది. దాన్నెవరూ దెయ్యమనుకోరు.

జనరేటరుకి డబ్బుల్లేవా? తోట తాకట్టు పెట్టి నిద్రపట్టక తిరిగే కుర్రాళ్లూ, కంగారుపడకండి. ఇంటి లోపలి రాత్రి సీన్లు కిటికీలకి నల్లగుడ్డ కట్టి పగలే తీసేయండి. బయటివి పొద్దుగూకాక దొరికే ఇరవై నిమిషాల్లో, రోజుకి రెండు షాట్లు. రిహార్సల్ మధ్యాహ్నమే అయిపోవాలి. తోటలో ముందే చీకటి పడుతుంది, కాలవ గట్టు నయం.

అపోహ: శవం తేలే సీను ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఏప్రిల్ దాటితే కాలవలు కట్టేస్తారు, బురదే మిగులుతుంది. వరదల్లో ఎర్రనీరు. మార్చిలో మొదలెట్టి మిగిలిపోయిన షాట్లు (ప్యాచ్‌వర్కు) ఆగస్టులో తీస్తే నీటి రంగే పట్టించేస్తుంది. అంతర్వేది వైపైతే పోటూపాటూ చూసుకోవాలి. ఆరుగంటల్లో రేవు మెట్లే మారిపోతాయి.

అపోహ: అమెరికా హారర్ సినిమా ‘పారానార్మల్ యాక్టివిటీ’ 15 వేల డాలర్లతో అయిపోయింది.

అది తీసిన ఖర్చు. జనానికి చేర్చిన స్టూడియో ఖర్చు అందులో లేదు.

రక్తం ఎంత పోస్తే అంత భయమంటారు. పోయండి, కానీ లిక్విడ్ గ్లూకోజుకి ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి కలిపిన రక్తానికి తోటలో ముందొచ్చేవి గండుచీమలే. రక్తం పడ్డాక మళ్లీ టేక్ తీయాలంటే ఒకేలాంటి చొక్కాలు మూడు ఉంచుకోండి. నల్లపిల్లి కావాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి, సెన్సారులో అడుగుతారు.

ఇక ఢాం అనే సౌండు. 40 హెర్ట్జ్ లాంటి బాగా మంద్రమైన గుండెదడ ఫోన్ స్పీకర్లో వినపడనే వినపడదు. దాని మీద తలుపు కిర్రు, గోరు గీత లాంటి సన్నటి, హెచ్చు శ్రుతి ధ్వని పరవాలి. లొకేషన్లోనే డైలాగు రికార్డు చేస్తుంటే షాటయ్యాక యూనిట్‌నంతా నిమిషం పాటు కదలనివ్వక ఆ చోటి సద్దు పట్టుకోండి. అది లేకపోతే ఎడిటింగ్‌లో కట్ పడిన ప్రతిచోటా కప్పల బెకబెక తెగి మళ్లీ మొదలవుతుంది. వానాకాలం చేలగట్టు మీద వాటిని ఆపడం మేనేజరు వల్ల కూడా కాదు.