సింక్ అవుతోంది సరే, బ్యాకప్ ఏదీ? ఆఫీసు ఫైళ్లపై అపోహలు - వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ వైపు చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఆడిటర్లు, రైస్ మిల్లులు, ప్రైవేటు స్కూళ్లు, ఎరువుల షాపులు. బ్యాకప్ ఉందా అని ఎక్కడ అడిగినా ఒకటే జవాబు: "డ్రైవ్‌ల ఉన్నయి కదా అన్నా." ఆ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి ఆన్‌లైన్ స్టోరేజీలో (క్లౌడ్‌లో) సింక్ అవుతోంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: లేనట్టే. అన్నిచోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచడమే సింక్ పని. మీరు రాసింది నాలుగు కంప్యూటర్లకూ చేరినట్టే, మీరు తీసేసింది కూడా నాలుగింట్లోంచీ పోతుంది. ఒకే బావికి నాలుగు మోటార్లు బిగించి, మాకు నాలుగు బావులున్నాయి అంటే ఎట్లా?

ఒక మిల్లులో జరిగింది చెప్తాను. వానాకాలం వడ్లు దిగే సీజన్. ఆఫీసంతటికీ ఒకే జీమెయిల్, దానితోనే అన్ని కంప్యూటర్లూ, గుమస్తా ఫోనూ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి. వేబ్రిడ్జి స్లిప్పుల ఫోటోలతో అది నిండిపోయి మెయిళ్లు రావడం ఆగింది. సిస్టంలో ఎలాగూ ఉన్నాయి కదా అని గుమస్తా ఫోన్‌లోని డ్రైవ్‌లో పాత సంవత్సరాల ఫోల్డర్లు డిలీట్ చేశాడు. అయినా జాగా ఖాళీ కాలేదు. ట్రాష్‌లో ఉన్న ఫైళ్లు కూడా లెక్కలోకే వస్తాయి మరి. దాంతో ట్రాష్ కూడా ఖాళీ చేశాడు. సాయంత్రానికి ఏ కంప్యూటర్‌లో చూసినా ఆ ఫోల్డర్లు లేవు.

నేను పోయేసరికి ఓనర్ కేకలు వేస్తున్నారు, గుమస్తా పిల్లాడు మూలకు నిలబడి వణుకుతున్నాడు. వాడిని తిట్టి ఏం లాభం? డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుందని వాడికి చెప్పినవాళ్లెవరు? అదృష్టం ఏమిటంటే, అకౌంటెంట్ దేవరకొండలో పెళ్లికి పోయాడు, ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే ఉంది, ఇంకా ఆన్ చేయలేదు. "సార్, దాన్ని ముట్టుకోకండి, అట్లనే తీసుకురండి" అని ఫోన్ చేశాను. వైఫై రౌటర్ ఆపేసి, ఎవరి హాట్‌స్పాటూ లేకుండా చూసి, అప్పుడు ఆన్ చేశాం. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. హార్డ్ డిస్క్‌లోకి కాపీ అయ్యాకే నెట్ పెట్టాం. అది మిర్రర్ పద్ధతిలో, అంటే ఫైళ్ల కాపీలు కంప్యూటర్‌లోనే ఉండేలా, పెట్టిన ల్యాప్‌టాప్ కాబట్టి ఫైళ్లు నిజంగా దానిలో ఉన్నాయి. స్ట్రీమింగ్‌లో, అంటే తెరిచినప్పుడే నెట్ నుంచి తెచ్చేలా, పెట్టి ఉంటే పేర్లు కనిపించేవేమో, తెరిస్తే ఏమీ వచ్చేది కాదు.

ట్రాష్ ఖాళీ చేయకపోతే ఇంత కష్టం లేదు. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. వన్‌డ్రైవ్‌లో సొంత ఖాతాకు 30, ఆఫీసు ఖాతాకు మామూలుగా 93 రోజులు. డబ్బు కట్టే గూగుల్ వర్క్‌స్పేస్ అయితే ట్రాష్ ఖాళీ చేశాక కూడా 25 రోజుల్లోపు అడ్మిన్ వెనక్కి తేగలరు. కాబట్టి ఫైల్ పోయిందంటే ముందు ట్రాష్ చూడండి, భయంతో ఇంకేదీ నొక్కకండి.

కంప్యూటర్‌లో జాగా కావాలంటే డిలీట్ వద్దు. వన్‌డ్రైవ్‌లో రైట్ క్లిక్ చేస్తే 'ఫ్రీ అప్ స్పేస్' ఉంటుంది. అది కంప్యూటర్‌లో తీసేసి క్లౌడ్‌లో ఉంచుతుంది. బ్యాకప్ అంటే వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకేసి, బీరువాలో పెట్టడం. కేబుల్ ఎందుకు పీకాలంటే, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నూ వదలదు. తాళం పడిన ఫైళ్లే బుద్ధిగా క్లౌడ్‌కూ సింక్ అవుతాయి.

అపోహ: లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ను సింక్‌లో పెడితే ఇద్దరూ రెండు చోట్ల పని చేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. ఆ ఫైళ్లన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, సింక్ మాత్రం దేనికది విడిగా పంపుతుంది. సగం ఇక్కడివి, సగం అక్కడివి కలిస్తే డేటా పాడవుతుంది. ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌ను డ్రైవ్‌లో పెట్టండి. జీఎస్టీ రిటర్న్ వేసే 20వ తారీఖు దగ్గరపడ్డాక ఈ ప్రయోగాలు చేసేవాళ్లకు దండం.

అపోహ: కరెంటు పోతే, నెట్ పోతే ఫైళ్లు పోతాయి.

వాస్తవం: సేవ్ చేసింది కంప్యూటర్‌లోనే ఉంటుంది, నెట్ వచ్చాక ఎక్కుతుంది. ఎక్కేదాకా మాత్రం మిగతా వాళ్లకు పాతదే కనిపిస్తుంది. ఆలోగా వాళ్లూ అదే ఎక్సెల్‌ను మారిస్తే చాలాసార్లు రెండు కాపీలు తయారవుతాయి. రెండో కాపీ పేరు వింతగా ఉందని దాన్ని డిలీట్ చేయకండి, తెరిచి పోల్చండి.

అపోహ: డబ్బు కట్టడం ఆపితే మర్నాడే అన్నీ చెరిపేస్తారు.

వాస్తవం: ఇది ఎవరు పుట్టించారో గానీ, అబద్ధం. గూగుల్‌లో ముందు కొత్త ఫైళ్లు ఎక్కవు, మెయిల్ ఆగుతుంది. రెండేళ్లు అట్లాగే పరిమితి దాటి ఉంటే అప్పుడు తీసేయొచ్చు.

అపోహ: ఫోల్డర్ షేర్ చేశారు కదా, అది ఆఫీసుదే.

వాస్తవం: ఎవరి ఖాతాలో తయారైందో వాళ్లది. గుమస్తా సొంత జీమెయిల్‌లో చేసిన ఫోల్డర్, అతను మానేసి హైదరాబాద్ పోయి ఖాతా మూసేస్తే అందరికీ పోతుంది. ఈరోజే మీ ఫోల్డర్ వివరాల్లో ఓనర్ ఎవరో చూడండి. ఆఫీసు ఖాతాయే అయితే, దాని రికవరీ ఫోన్ నంబరు (పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెరవడానికి వాడేది) ఎవరిదో కూడా చూడండి. పోయిన ఏడాది మానేసినవాళ్ల నంబరే ఇంకా ఉన్న ఆఫీసులు నాకు తెలుసు.