లారీ మైలేజీ తగ్గితే బంకు మీదే అనుమానం ఎందుకు?

లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీ మూడున్నరకు పడిపోతే ఓనరు డ్రైవర్‌ని నిలదీస్తాడు. డ్రైవర్ బంకు పేరు చెబుతాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో ఈ వాదన ఇవాళ్టిది కాదు. దీని వెనక రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. ఒకటి రిఫైనరీలో డీజిల్ బాగుపడిన కథ, రెండోది రిఫైనరీ దాటాక రోడ్డు మీద అది చెడిపోయిన కథ. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మైలేజీ మీద ఇన్ని నమ్మకాలు పుట్టుకొచ్చాయి.

మొదటిది త్వరగా చెప్పుకోవచ్చు. 1990ల మధ్య వరకు మన డీజిల్‌లో గంధకం బరువులో 1 శాతం దాకా ఉండేది. అంటే 10,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో పదివేల భాగాలు). కాలుష్యంపై లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు వరుసగా ఆదేశాలు ఇవ్వడంతో కదలిక వచ్చింది. 2002లో వాహన ఇంధనాలపై ప్రభుత్వం వేసిన మషేల్కర్ కమిటీ నివేదిక, 2003లో ఆటో ఫ్యూయల్ పాలసీ వచ్చాయి. దేశవ్యాప్త పరిమితి 2005లో 500 పీపీఎంకి, 2010లో 350కి, 2017 ఏప్రిల్‌లో 50కి దిగింది. వాహన కాలుష్య ప్రమాణాల్లో (భారత్ స్టేజ్, పొట్టిగా బీఎస్) బీఎస్-5ని వదిలేసి నేరుగా బీఎస్-6కి వెళ్లాలని 2016లో నిర్ణయించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా 10 పీపీఎం డీజిలే. ఇంజిన్‌లోకి చిమ్మిన డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ నంబరు కూడా ఈ లోపల 45 నుంచి 51కి పెరిగింది.

మరి మైలేజీ? శుభ్రమైన డీజిల్ పోస్తే బండి ఎక్కువ దూరం వెళ్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గంధకాన్ని తీసేందుకు హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు డీజిల్ కాస్త తేలికవుతుంది, లీటరుకు వచ్చే శక్తి దాదాపు 1 శాతం తగ్గుతుంది. అమెరికా 2006లో 15 పీపీఎం డీజిల్‌కి మారినప్పుడు అక్కడి పర్యావరణ సంస్థ చెప్పిన అంచనా కూడా ఇంతే. గంధకం తగ్గించింది మైలేజీ కోసం కాదు, ఊపిరితిత్తుల కోసం. సైలెన్సర్ లైన్లో అమర్చే ఫిల్టర్లు, పొగని శుభ్రం చేసే యాడ్ బ్లూ (యూరియా ద్రావణం)తో పనిచేసే వ్యవస్థలు గంధకం ఎక్కువ ఉంటే నిలబడవు. శుద్ధిలో డీజిల్‌కి ఉన్న సహజమైన కందెన గుణం (పంపు అరగకుండా కాపాడే జిడ్డు) కూడా కొంత పోతుంది. 1990ల మొదట్లో స్వీడన్‌లో తక్కువ గంధకం డీజిల్ తెచ్చినప్పుడు పంపులు అరిగిపోయాయి. ఆ అనుభవం తర్వాతే కందెన గుణానికి కొలత పెట్టడం మొదలైంది. మన డీజిల్‌కీ ఆ పరిమితి ఉంది.

అసలు గాయం రెండో కథది. దాని మూలం రేషన్ కిరోసిన్.

పేదల పొయ్యి వెలగాలని, దీపం వెలగాలని కిరోసిన్‌ను ప్రభుత్వం నష్టానికి ఇచ్చేది. 2011లో ఢిల్లీలో రేషన్ కిరోసిన్ లీటరు 15 రూపాయల లోపే. డీజిల్ 41 రూపాయల పైన. ఒక్కో లీటరుకు 26 రూపాయల తేడా ఉన్నప్పుడు, డిపో నుంచి బయల్దేరిన ట్యాంకర్ దారిలో ఎక్కడ ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. రేషన్ కిరోసిన్‌లో దాదాపు 38 శాతం పక్కదారి పడుతోందని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ 2005లో లెక్క తేల్చింది. పేదవాడి కోటా లారీ ట్యాంకులో పడింది. అటు ఇల్లు చీకటి, ఇటు ఇంజిన్‌కి నష్టం. ఈ మోసం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

అయితే కిరోసిన్ కలిపితే మైలేజీ ఎంత తగ్గుతుంది? కిరోసిన్ డీజిల్ కంటే తేలిక కాబట్టి లీటరుకు సుమారు 3 నుంచి 4 శాతం శక్తి తక్కువ. ఐదో వంతు కిరోసిన్ కలిసిన డీజిల్‌లో ఈ లోటు 1 శాతం కూడా ఉండదు. నాలుగు కిలోమీటర్ల బండికి అది లీటరుకు ముప్పై మీటర్ల మాట. ఏ డ్రైవరూ దాన్ని పసిగట్టలేడు. కల్తీ అన్నేళ్లు బతికింది అందుకే. నష్టం ఆలస్యంగా, వేరే రూపంలో వచ్చేది. కిరోసిన్ పలుచన. పాత టాటా, లేలాండ్ బండ్ల డీజిల్ పంపులో అది డీజిల్‌ని నెట్టే కడ్డీ (ప్లంజర్) పక్కనుంచి జారిపోయేది. పిక్అప్ తగ్గేది, డ్రైవర్ యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కేవాడు. కందెన చాలక పంపు, నాజిళ్లు అరిగేవి. అరిగిన నాజిల్ డీజిల్‌ని పొగమంచులా చిమ్మకుండా చుక్కలుగా వదిలితే నల్లపొగ, సగం కాలిన ఇంధనం. మైలేజీ నిజంగా పడిపోయేది అప్పుడు. కానీ ఆనాటికి ఆ కల్తీ డీజిల్ పోసిన బంకు ఏదో ఎవరికీ గుర్తుండదు. చివరగా పోయించిన బంకే దోషి అవుతుంది.

అడ్డుకోవడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు వేశారు. కల్తీగాళ్లు మట్టితో వడగట్టి రంగు తీసేశారు. 2006 అక్టోబరులో రసాయన మార్కర్ కలపడం మొదలుపెట్టారు. దాన్నీ వడగట్టి తీసేయొచ్చని తేలడంతో రెండేళ్ల తర్వాత ఆపేశారు. ఎదురు నిలిచిన మనుషులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇండియన్ ఆయిల్ సేల్స్ ఆఫీసర్ ఎస్. మంజునాథ్ ఐఐఎం లక్నోలో చదివిన కుర్రాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపుర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకును సీల్ చేశాడు. 2005 నవంబరు 19న తనిఖీకి వెళ్తే అక్కడే కాల్చి చంపారు. 27 ఏళ్లు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర కల్తీ ముఠాని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేని సజీవంగా తగలబెట్టారు.

ఇంత జరిగినా కల్తీని నిజంగా దెబ్బతీసింది దాడులు కాదు, ధర. 2014 అక్టోబరులో డీజిల్ ధరని మార్కెట్‌కి వదిలేశారు. 2016 నుంచి కిరోసిన్ ధరని కొద్దికొద్దిగా పెంచుతూ 2020కల్లా సబ్సిడీని సున్నా చేశారు. ఈలోగా ఇళ్లకు గ్యాస్, కరెంటు వచ్చాయి. తేడా పోయాక కలిపేవాడికి లాభం పోయింది.

ధరల తేడా మనుషులని ఎటు నడిపిస్తుందో మన ఆర్టీసీలనే చూడండి. 2013 జనవరిలో టోకు కొనుగోలుదారులకి డీజిల్ ధర పెంచగానే, డిపోల్లో సొంత బంకులు ఉన్న ఏపీఎస్ఆర్టీసీ బస్సులు మామూలు బంకుల ముందు వరస కట్టాయి. 2022లో మళ్లీ అదే జరిగింది, ఈసారి రెండు రాష్ట్రాల్లోనూ. ప్రభుత్వ సంస్థే అలా మారినప్పుడు ఒక్క లారీ మీద కిస్తీలు కట్టుకునే ఓనరు చౌక డీజిల్ కోసం యానాం వైపో కర్ణాటక సరిహద్దు వైపో చూడటంలో తప్పేముంది? అక్కడి బంకులో పోసేది అదే కంపెనీ డీజిల్, పన్ను మాత్రమే తక్కువ. ప్రమాదం వేరే చోట ఉంది. బిల్లు లేకుండా, హైవే పక్కన షెడ్డులో 'బయోడీజిల్' పేరుతో అమ్మేదానిలో.

అసలైన బయోడీజిల్ మంచి ఇంధనమే. నూనెల నుంచి తయారవుతుంది, కందెన గుణం బాగుంటుంది. లీటరుకు శక్తి మాత్రం డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. 2019లో దాని అమ్మకాలకి మార్గదర్శకాలు వచ్చాక, గుజరాత్‌లో పరిశ్రమల నూనెలకే ఆ పేరు పెట్టి లారీలకి పోశారు. పోలీసులు పెద్ద ఎత్తున దాడులు చేయాల్సి వచ్చింది. పన్నుల తేడా మళ్లీ అదే పాత దారి తెరిచింది. ఈసారి ఇంజిన్ పాతది కాదు. ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంపే కామన్‌రైల్ బండ్లలో పీడనం 1,600 బార్ దాటుతుంది. ఇంజెక్టర్ లోపలి ఖాళీలు మైక్రాన్లలో ఉంటాయి. ఇక్కడ చెడిపోతే నాజిల్ ఒక్కటి మార్చి సరిపెట్టుకోవడం ఉండదు. సైలెన్సర్ లైన్లోని ఫిల్టర్‌లో మసి పేరుకుపోతే దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ తాగుతుంది. కాబట్టి బీఎస్-6 లారీలో చెడు ఇంధనం మైలేజీని వెంటనే తినడం మొదలుపెడుతుంది.

ఊరట కలిగించే విషయం మాత్రం ఒకటుంది. కిరోసిన్‌లో గంధకం 2,500 పీపీఎం దాకా ఉండొచ్చు. ఒకప్పుడు డీజిల్‌లోనూ అంతే ఉండేది కాబట్టి కల్తీ అందులో దాక్కునేది. ఇప్పుడు డీజిల్ పరిమితి 10. అలాంటి కిరోసిన్ 1 శాతం కలిపినా 25 పీపీఎం పెరిగి ల్యాబ్ పరీక్షలో దొరికిపోతుంది. ఊపిరితిత్తుల కోసం తెచ్చిన నిబంధనే కల్తీని పట్టించే సాధనమైంది.

బంకులో మాత్రం ఆ పరీక్ష జరగదు. అక్కడ ఉండేది సాంద్రత కొలిచే హైడ్రోమీటర్, 5 లీటర్ల కొలపాత్ర. అడిగితే రెండూ చూపించాలి. 15 డిగ్రీల దగ్గరికి లెక్కకట్టిన సాంద్రత, డిపో చలాన్‌లో ఉన్నదానికి ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా రాకూడదు. తేలికదాన్ని, బరువుదాన్ని లెక్కగా కలిపితే ఈ పరీక్ష దాటిపోవచ్చు. పరిమాణంలో కోత అయితే కొలపాత్రలో చాలావరకు దొరుకుతుంది. సాంద్రత కలిసి, కొలత కలిసి, అయినా మైలేజీ అర కిలోమీటరు పడిపోయిందంటే ఇక చూడాల్సింది టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఎక్కించిన లోడు. అంత లోటు తెచ్చేంత చెడ్డ డీజిల్ అయితే మైలేజీ లెక్క కట్టేలోపే పొగలోనో పికప్‌లోనో తెలిసిపోతుంది.